రేపటి రోడ్డుకి ఈరోజే టేపు పట్టడం ఎలా

స్థలం చూస్తారు, బేరం కుదుర్చుకుంటారు, అడ్వాన్సు ఇచ్చేస్తారు. అంతా అయ్యాక నా దగ్గరికి వస్తారు, "అన్నా, ప్లాను గీసియ్యాల" అని. కాగితాలు బల్ల మీద పెట్టకముందే నేను అడిగేది ఒకటే: "రోడ్డు ఎంత?"

"ముప్పై అడుగులన్నా. ఒక కారు నిలబెట్టినా ఇంకో కారు పోతాది."

"అది ఈరోజు రోడ్డు. మాస్టర్ ప్లాన్‌లో ఎంత?"

అక్కడ మాట ఆగిపోతుంది. మాస్టర్ ప్లాన్ అంటే ఊళ్ళో రేపు ఏ రోడ్డు ఎక్కడ, ఎంత వెడల్పున రావాలో సర్కారు ముందే గీసిపెట్టిన బొమ్మ. కొందరు వెంటనే స్థలం ఇప్పించిన బ్రోకరుకి ఫోను చేస్తారు. ఆయన ఎత్తడు.

తిరుపతిలో నేను ఈ పనిలోకి వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. మొదట్లో సర్వేయరు వెనకాల టేపు రెండో కొస పట్టుకునేవాణ్ణి. తరవాత డ్రాయింగు బోర్డు, ఆ తరవాత కంప్యూటరు. ఇప్పుడు ఒక ఎల్‌టీపీ ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌ని. ఎల్‌టీపీ అంటే ప్లాన్లు పెట్టడానికి లైసెన్సు ఉన్న ఇంజనీరు. ఈ పనిలోనే ఉండి కూడా 2009లో తిరుచానూరు వైపు 60 అంకణాలు కొన్నప్పుడు మాస్టర్ ప్లాన్ షీటు చూడలేదు. మన ఊళ్ళో మనకి తెలియని రోడ్డేముంది అన్న పొగరు. రిజిస్ట్రేషన్ అయిన మూడో వారం, వేరే ఎవరిదో పని మీద షీటు తెరిస్తే, నా స్థలం ముందు నుంచి 24 మీటర్ల రోడ్డు పోతోంది. ఆ పూట అన్నం దిగలేదు.

ఇక్కడ రాసేదంతా స్థలం కొనకముందు చేసుకోవాల్సిన పని. ఇప్పటికే కొనేసినవాళ్ళకి పనికొచ్చేది చివర్లో ఉంది.

ముందు ఈ లెక్క నేర్చుకోండి

మా తిరుపతిలో అంకణం అంటే 36 చదరపు అడుగులు, అంటే 4 గజాలు. నెల్లూరు వైపు అంకణం 72 చదరపు అడుగులు. అక్కడి చుట్టాలు అంకణం ధర చెబితే సగం చేసుకుని వినాలి. నా 60 అంకణాలు 36 అడుగుల ముఖం, 60 అడుగుల లోతు. ముందున్న రోడ్డు 30 అడుగులు. 24 మీటర్ల రోడ్డుని మనవాళ్ళు 80 అడుగుల రోడ్డంటారు.

రోడ్డు వెడల్పుని మామూలుగా మధ్య గీత నుంచి చెరి సగం కొలుస్తారు. 80లో సగం 40. ఇప్పుడున్న 30లో సగం, అంటే 15 అడుగులు, ఇప్పటికే రోడ్డులో ఉంది. అది తీసేస్తే నా వైపు పోయేది 25 అడుగులు. 36 అడుగుల ముఖం మీద 25 అడుగులంటే 900 చదరపు అడుగులు, సరిగ్గా 25 అంకణాలు. దస్తావేజులో 60 ఉంది, ఇల్లు కట్టుకోవడానికి మిగిలింది 35. ఆ 35లో కూడా ఇంటి ముందు వదలాల్సిన సెట్‌బ్యాక్‌ని కొత్త రోడ్డు అంచు నుంచే కొలుస్తారు. పాత కాంపౌండు గోడ నుంచి కొలవరు. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే. రోడ్డుకి పోయే ముక్కనే సెట్‌బ్యాక్ అనుకుంటారు.

ఇప్పుడు మీ రోడ్డు 30 అడుగులుంటే, 12 మీటర్ల రోడ్డు వస్తే మీవైపు 5 అడుగులు, 18 మీటర్లదైతే 15, 24 మీటర్లదైతే 25, 30 మీటర్లదైతే 35 అడుగులు పోతాయి. అంగుళాల్లో కాస్త తేడా ఉంటుంది, ఎందుకంటే 24 మీటర్లంటే నిజానికి 79 అడుగులు కూడా లేదు. గోడ కట్టేటప్పుడు మాత్రం మీటర్లే నమ్మండి.

మీది మూల స్థలమా? అయితే ఇంకో కోత ఉంది. రెండు రోడ్లు కలిసే చోట బండ్లు తిరగడానికి మూలని ఏటవాలుగా కోస్తారు, దాన్ని స్ప్లే అంటారు. 12 మీటర్లలోపు రోడ్డుకి రెండు వైపులా 3 మీటర్లు, 12 నుంచి 24 దాకా 4.5 మీటర్లు, ఆపైన 6 మీటర్లు. 4.5 మీటర్ల కోతంటే పోయేది సుమారు 12 గజాలు, మూడు అంకణాలు. మూల స్థలమని అంకణానికి ఎక్కువ పెట్టి కొని, ఆ మూలనే పోగొట్టుకోవడం మన దగ్గర రోజూ జరిగేదే.

గీతలన్నీ ఊరి బయట పొలాల మీదే ఎందుకు పడతాయి

ఊరిని కొండ మీద నుంచి ఒకసారి చూడండి. ఉత్తరాన శేషాచలం అడవి, అటు అడుగు కదపలేం. దక్షిణాన స్వర్ణముఖి. నడి ఊళ్ళో రైలు కట్ట. 2011 జనాభా లెక్కల్లో మూడు లక్షలకి కాస్త తక్కువ మంది ఉన్న ఊరు, కానీ రోజుకి అరవై డెబ్బై వేల మంది కొండెక్కి దిగే ఊరు. బస్సు దిగినవాళ్ళు, రైలు దిగినవాళ్ళు, రేణిగుంటలో విమానం దిగినవాళ్ళు అందరూ చివరికి అలిపిరి వైపే తిరగాలి. అందుకే ఇక్కడ రోడ్డుని ఊళ్ళో ఉండేవాళ్ళ కోసం మాత్రమే గీయరు, వచ్చిపోయేవాళ్ళ కోసం కూడా గీస్తారు. తిరుచానూరు రోడ్డు నుంచి కపిలతీర్థం వైపు వేసిన శ్రీనివాస సేతు ఫ్లైఓవరు (దీనికే గరుడ వారధి అని కూడా పేరు) దాదాపు 7 కిలోమీటర్లు. స్మార్ట్ సిటీ వాళ్ళూ, టీటీడీ కలిసి డబ్బు పెట్టి కట్టారు. 2023 సెప్టెంబరులో పూర్తిగా తెరిచారు. అంతకు ముందు ఆ దారిలో అంగళ్ళు పెట్టుకున్నవాళ్ళు ఎన్నేళ్ళు దుమ్ములో కూర్చున్నారో నేను చూశాను.

పెరగడానికి మిగిలింది రేణిగుంట వైపు, చంద్రగిరి వైపు, అవిలాల, పేరూరు, తిరుచానూరు పొలాలు. ఒక పెద్ద రోడ్డుని ఇంకో పెద్ద రోడ్డుతో కలిపే అడ్డ రోడ్లు పోయేది ఈ పొలాల మీదనే. మీరు కొనబోయే వెంచర్లు కూడా ఉన్నది అక్కడే.

కాగితాల పని

దస్తావేజులో సర్వే నంబరు, సబ్‌డివిజన్ రాసి ఉంటాయి. పాత టౌనులో అయితే వార్డు, బ్లాకు, టీఎస్ (టౌన్ సర్వే) నంబరు ఉంటాయి, అది వేరే రిజిస్టరు. సర్వే నంబరుతో ఎఫ్ఎంబీ తీసుకోండి, అంటే ఆ పొలం కొలతల బొమ్మ. పాత ఎఫ్ఎంబీలో కొలతలు లింకుల్లో ఉంటాయి. అడుగులనుకుని చదివితే కొంప మునుగుతుంది. వంద లింకులు 66 అడుగులు. అంటే బొమ్మలో 91 అని ఉంటే అది 60 అడుగులే. ఒకాయన ఆ 91ని అడుగులనుకుని పక్కవాడు తన స్థలం కలుపుకున్నాడని స్టేషను దాకా పోయాడు. ఎస్సై కూడా ఆ బొమ్మని తిరగేసి మరగేసి చూశాడంట.

తరవాత ఈసీ, అంటే ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లూ తనఖాలూ చూపించే కాగితం. దాన్ని అందరూ తీస్తారు కాబట్టి దాని గురించి చెప్పను. రిజిస్ట్రేషన్ చేయకూడని స్థలాల నిషేధిత జాబితా 22ఏలో మీ సర్వే నంబరు లేదని మాత్రం విడిగా చూసుకోండి.

స్థలం కార్పొరేషన్ పరిధిలో ఉంటే మొదట వార్డు సచివాలయానికి పోండి. అక్కడ ప్లానింగ్ సెక్రటరీ అని ఒకరుంటారు. బయట పంచాయతీలో ఉంటే తుడా, అంటే తిరుపతి అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీ. వీధికి ఈ పక్క ఇల్లు కార్పొరేషను, ఆ పక్క ఇల్లు పంచాయతీ అయిన చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి పన్ను రసీదు ఎవరిదో చూసి బయల్దేరండి. ఎవరి పరిధి అయినా రోడ్ల గీతలకి మూలం మాస్టర్ ప్లానే.

మాస్టర్ ప్లాన్ అనగానే వాట్సాపులో తిరిగే రంగుల బొమ్మ చూపిస్తారు. పసుపు ఇళ్ళకి, నీలం వ్యాపారానికి, ఊదా పరిశ్రమలకి, ఎరుపు బడులూ ఆస్పత్రుల్లాంటి వాటికి, ఆకుపచ్చ పార్కులకి. రంగు తెలుసుకోవడానికి ఆ బొమ్మ చాలు. రోడ్డు తెలుసుకోవడానికి చాలదు. ఎందుకో లెక్క వేద్దాం. షీటు పదివేలకి ఒకటి స్కేలులో ఉందనుకోండి. కాగితం మీద ఒక మిల్లీమీటరు నేల మీద 10 మీటర్లు, అంటే 33 అడుగులు. పెన్ను గీత మందమే మీ స్థలం ముఖమంత ఉంటుంది. ఫోనులో వేళ్ళతో సాగదీసి "మన స్థలం గీతకి ఇవతల ఉంది" అని తేల్చేసుకునేవాళ్ళని చూస్తే నాకు టెన్షన్.

కాబట్టి బొమ్మ చూసి అనుమానం తెచ్చుకోండి, నిర్ధారణ మాత్రం రాతలో తీసుకోండి. సర్వే నంబరు వేసి ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్‌కి అర్జీ పెట్టండి. అందులో నేల వాడకం ఒక్కటే అడిగి ఊరుకోకండి, మాస్టర్ ప్లాన్ రోడ్డు ఏదైనా ఈ సర్వే నంబరుకి తగులుతోందా, తగిలితే వెడల్పెంత అని కూడా రాయండి. నోటి మాటగా "ఏం లేదులే సామీ" అన్నది కాగితం కాదు.

రాతలో రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. పది రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. జవాబు రాకపోతే అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు. అడిగే పద్ధతి ముఖ్యం. "మా స్థలంలో రోడ్డు ఎందుకు వేస్తున్నారు" అని రాస్తే జవాబు రాదు, ఆ చట్టం కింద కారణాలు పుట్టించి చెప్పరు, ఉన్న కాగితం నకలు ఇస్తారు. నేను రాసిచ్చేది ఇలా ఉంటుంది:

"ఫలానా గ్రామం సర్వే నంబరు ఇంతకి ఆనుకుని గానీ, దాని గుండా గానీ అమల్లో ఉన్న మాస్టర్ ప్లాన్‌లో చూపిన రోడ్ల వెడల్పు తెలుపగలరు. ఆ సర్వే నంబరు వచ్చే షీటు భాగం ధ్రువీకరించిన నకలు ఇప్పించగలరు. ఆ రోడ్డుకి అలైన్‌మెంటు మార్కింగు, ఎస్టిమేటు తయారై ఉంటే వాటి నకళ్ళు ఇప్పించగలరు."

చివరి వాక్యం వదలకండి. మాస్టర్ ప్లాన్‌లో గీత ఉండడం వేరు, దానికి ఎస్టిమేటు పడడం వేరు. గీత ఇరవై ఏళ్ళు గీతగానే ఉండొచ్చు. ఎస్టిమేటు పడిందంటే గోడల మీద గుర్తు గీయడానికి పెయింటు డబ్బా బయల్దేరినట్టే.

వెంచరులో ప్లాటు కొంటుంటే బోర్డు మీద "తుడా అప్రూవల్" అనే మాట పక్కన ఎల్పీ నంబరు, అంటే లేఅవుట్‌కి అనుమతి ఇచ్చిన నంబరు, ఉందా చూడండి. "తుడా ప్రపోజ్డ్", "అప్రూవల్‌కి పెట్టాం" అంటే ఇంకా ఏమీ లేదని అర్థం. నంబరు ఉంటే మంజూరైన లేఅవుట్ షీటు నకలు తీసుకుని, మీ ప్లాటు నంబరు మీద మాస్టర్ ప్లాన్ రోడ్డు గీత ఉందా, పదో వంతు వదిలిన ఖాళీ జాగాలో పడిందా, తనఖా పెట్టిన ప్లాట్లలో ఉందా, మూడూ చూడండి. రోడ్లూ కాలవలూ పూర్తి చేస్తానని యజమాని కొన్ని ప్లాట్లు తుడాకి తనఖా పెడతాడు. పని పూర్తయి అవి విడుదలయ్యేదాకా వాటిని అమ్మకూడదు. ఆ సంగతి మీకు అమ్మేవాడు చెప్పడు. ఈసీ చెబుతుంది.

వీధిలోకి దిగండి

పొద్దున ఆరింటికి పోండి. బండ్లు ఉండవు, ఎండ ఉండదు, "ఎవరు మీరు, ఏం కొలుస్తా ఉండారు" అని అడిగేవాళ్ళు కూడా తక్కువ. 30 మీటర్ల టేపు, చాక్‌పీసు, రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి.

అన్నిటికంటే కష్టం మధ్య గీత పట్టుకోవడం. తారు మధ్యలో చాక్‌పీసుతో గీసి అదే మధ్య అనుకుంటారు. తారు వేసేవాడు వీలున్న వైపుకి జరిపి వేస్తాడు. రోడ్డు అసలు హద్దులు రెండు వైపులా ఎక్కడున్నాయో చూడాలి. ఈ వైపువాళ్ళు మెట్లు ముందుకి దింపి ఉంటారు, ఆ వైపువాళ్ళు ర్యాంపు వేసి ఉంటారు, కాలవ మీద బండలు పరిచి అంగడి జరిపి ఉంటారు. వీధిలో అన్నిటికంటే పాత ఇల్లు పట్టుకోండి. దాని గోడ, పాత కాలవ అంచు, కరెంటు స్తంభాల వరస, దొరికితే సర్వే రాయి, వీటిని బట్టి హద్దు తేలుతుంది. ఒక్క చోట కొలిచి ఆగకండి. మీ స్థలం ముందు, వీధి ఆ చివర, ఈ చివర, మూడు చోట్ల కొలవండి. మూడూ కలవకపోతే ఎఫ్ఎంబీలో ఉన్న వెడల్పే చివరి మాట.

వెడల్పు చెరి సగం అన్నాను గానీ, ఎప్పుడూ అలా జరగదు. ఎదురుగా గుడి ఉన్నా, బడి ఉన్నా, కాలవ ఉన్నా గీత మీవైపు జరగొచ్చు. మీ ఎదురింటివాళ్ళు ఎవరో చూసుకోండి. పెద్ద గోపురం ఎదురుగా స్థలం దొరికిందని సంబరపడే ముందు రోడ్డు ఎటు జరుగుతుందో ఆలోచించండి.

తరవాత ఫోనులో శాటిలైట్ మ్యాపు తెరిచి ఆగిపోయిన రోడ్ల కోసం వెతకండి. నా అనుభవంలో దీన్ని మించిన ఉపాయం లేదు. 60 అడుగులో 80 అడుగులో వెడల్పున్న రోడ్డు దర్జాగా వచ్చి, ఒక చెరకు తోట దగ్గరో, ఒక కాంపౌండు గోడ దగ్గరో ఠక్కున ఆగిపోతుంది. అది అక్కడే ఆగడానికి వేసిన రోడ్డు కాదు. స్కేలు పెట్టి అదే వరసలో ముందుకి గీసుకుంటూ పోండి. ఇంకో పెద్ద రోడ్డు తగిలేదాకా ఆ గీత ఎవరెవరి స్థలాల మీద పోతుందో చూడండి. నా 60 అంకణాలు అలాంటి గీత మీదనే ఉన్నాయి. ఆగిపోయిన రోడ్డు నా స్థలానికి రెండు ఫర్లాంగుల దూరంలో ఉంది. దాని మీద నేను రోజూ స్కూటర్‌లో పోయేవాణ్ణి.

రైలు గేటు దగ్గర స్థలమైతే ఇంకో సంగతి. గేటు ఎప్పుడో ఒకప్పుడు వంతెన అవుతుంది. కరెంటు తీగలున్న పట్టాల మీద నుంచి వంతెన పోవాలంటే రోడ్డు సుమారు 8 మీటర్ల ఎత్తుకి లేవాలి. బస్సులూ లారీలూ ఎక్కేలా మామూలుగా 30 మీటర్లకి ఒక మీటరు చొప్పున లేపుతారు. అంటే పట్టాలకి ఒక్కో వైపు 240 మీటర్ల ర్యాంపు. గేటు నుంచి అంత దూరం లోపల అంగడి ఉంటే, రేపు మీ షట్టరు ఎదురుగా కాంక్రీటు గోడ, పక్కన సన్నని సర్వీసు రోడ్డు. కింద నుంచి తవ్వితే అండర్ బ్రిడ్జి. వానొస్తే ఏమవుతుందో వెస్ట్ చర్చి దగ్గర అండర్ బ్రిడ్జి చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

వాన అంటే గుర్తొచ్చింది. కొర్లగుంట, తాతయ్యగుంట, గొల్లవానిగుంట, తుమ్మలగుంట. మన పెద్దలు పేర్లు ఊరికే పెట్టలేదు. 2021 నవంబరులో కొండ మీద నుంచి నీళ్ళు దిగినప్పుడు అవి పాత దారులే వెతుక్కున్నాయి, మనం వేసిన రోడ్లని కాలవలుగా వాడుకున్నాయి. నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకంటే పెద్ద చెరువుకి నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, చిన్న చెరువుకీ కుంటకీ 9 మీటర్లు, 10 మీటర్లకి మించి వెడల్పున్న వాగుకి 9 మీటర్లు, చిన్న కాలవకి 2 మీటర్లు వదలాలి. ఎఫ్ఎంబీలో కాలవ ఉండి, నేల మీద లేకపోతే, అది పూడిపోయిందనుకోండి, పోయిందనుకోకండి. ఒకవైపు రోడ్డు కోత, వెనకవైపు కాలవ కోత పడి మధ్యలో కారు షెడ్డంత మిగిలిన స్థలానికి నేను ప్లాను గీశాను. ఆ ఇంటాయన ప్లాను చూసి, "ఇంతేనా" అని రెండుసార్లు అడిగాడు.

గోడ మీద ఎర్ర గీత పడ్డాక

టిఫిన్ అంగడి పెట్టుకున్న ఒక అవ్వ పోయినేడు నన్ను పిలిపించింది. గోడ మీద ఎర్ర పెయింటుతో బాణం గుర్తు, పక్కన ఒక అంకె.

"ఎవురు గీసినారవ్వా?"

"ఎవురో ఇద్దరు పిల్లోళ్ళు నాయనా. టేపు పట్టినారు, గీసినారు, రెండు దోసెలు తినేసి పొయినారు."

"యాడ నుంచి పట్టినారు టేపు?"

అవ్వ కాలవ అంచు చూపించింది. అదే తప్పు. మధ్య గీత నుంచి పట్టాల్సింది. మేం మళ్ళీ కొలిస్తే మూడడుగులు తేడా వచ్చింది. ఆ అవ్వకి మూడడుగులంటే పొయ్యి ఉన్న చోటు. అర్జీ రాసి, మా బొమ్మ జతచేసి, మళ్ళీ కొలిచేటప్పుడు అవ్వ ఎదురుగా కొలవాలని అడిగాం. కొలిచారు, గీత వెనక్కి వచ్చింది.

కాబట్టి గీత పడిన రోజు అరవకండి, సంతకాలు కూడా పెట్టకండి. గీత కనబడేలా, పక్కన టేపు పెట్టి ఫొటోలు తీయండి. నోటీసు రాతలో అడగండి. అందులో మీ పేరు, నంబరు, పోయే విస్తీర్ణం, రోడ్డు మొత్తం వెడల్పు ఉన్నాయా చూడండి. విస్తీర్ణం ఖాళీగా ఉన్న అంగీకార పత్రం మీద సంతకం పెట్టినవాళ్ళు తరవాత చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

స్థలం ఇచ్చినందుకు మీకు వచ్చేవి రకరకాలు. భూసేకరణ పద్ధతిలో అయితే 2013 చట్టం ప్రకారం డబ్బు, విలువకి సమానంగా సొలేషియం (తప్పనిసరిగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చే సొమ్ము) కలిపి ఇవ్వాలి. కానీ ఊళ్ళలో రోడ్ల వెడల్పుకి ఎక్కువగా ఇచ్చేది టీడీఆర్ బాండు. అంటే డబ్బు కాదు, ఇంకో చోట ఇంకో అంతస్తు కట్టుకునే హక్కు. మీరు వాడుకోవచ్చు, బిల్డరుకి అమ్ముకోవచ్చు. బాండు చేతికొచ్చినప్పుడు గజాలు మాత్రమే చూడకండి, విలువ ఏ లెక్కన రాశారో చూడండి. ఎకరం లెక్కనా, గజం లెక్కనా? ఇంటి స్థలమా, వ్యాపార స్థలమా? అదే నేలకి ఈ రెండు లెక్కల మధ్య చాలా తేడా. ఒకేసారి ఊరంతా బాండ్లు వస్తే కొనేవాళ్ళు ధర తెగ్గొడతారు, అవసరం లేనివాళ్ళు కొన్నాళ్ళు ఆగడం మంచిది.

మూడో దారి నాకు నచ్చినది. మిగిలిన స్థలంలో మీరే ఇల్లు కట్టుకోబోతుంటే, రోడ్డుకి ఇచ్చిన దానికి బదులు సెట్‌బ్యాకుల్లో సడలింపు గానీ, అదనపు అంతస్తు గానీ అడగొచ్చు. 35 అంకణాలు మిగిలినవాడికి బాండు కంటే వెనకవైపు మూడడుగులు ఎక్కువ పనికొస్తాయి. ఏది తీసుకున్నా, రోడ్డుకి ఇచ్చే ముక్కని కొలతల బొమ్మతో సహా రిజిస్టరు చేసి ఇస్తారు కదా, దాని నకలు ఇంట్లో బంగారం పక్కన పెట్టుకోండి. పన్ను కూడా మిగిలిన విస్తీర్ణానికే వేయమని అప్పుడే అర్జీ పెట్టండి. ఎవరూ వాళ్ళంతట వాళ్ళు తగ్గించరు.

ముసాయిదా మాస్టర్ ప్లాన్ బయట పెట్టి అభ్యంతరాలు అడిగినప్పుడు రాయడం అన్నిటికంటే చవక. అప్పుడు రాసేదాంట్లో కన్నీళ్ళు వద్దు. సర్వే నంబరు, బొమ్మ, గీతని ఎటు జరిపితే ఎన్ని ఇళ్ళు మిగులుతాయో ఒక లెక్క, అంతే. ముద్ర వేసిన రసీదు తీసుకోండి.

ఈశాన్యం బోరు గొడవ

ఇది ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నా. తూర్పు ముఖం స్థలమైనా, ఉత్తర ముఖం స్థలమైనా, ఈశాన్యం మూల రోడ్డు పక్కనే వస్తుంది. మనవాళ్ళు బోరు, సంపు ఆ మూలలోనే వేస్తారు. రోడ్డు మొదట తినేది కూడా ఆ మూలనే. బోరు పోయిందంటే లక్షలు పోయినట్టు, నీళ్ళు పడతాయో లేదో మళ్ళీ అదృష్టం.

నా స్థలంలో బోరు వేసేటప్పుడు మా నాయన ఈశాన్యం మూలన కొబ్బరికాయ పెట్టించాడు. నేను అక్కడి నుంచి 26 అడుగులు లోపలికి నడిచి రెండో కాయ పెట్టాను. పెద్ద రగడ. చివరికి ఆయన నమ్మే సిద్ధాంతినే పిలిపించి, రోడ్డు పోగా మిగిలే 35 అంకణాల బొమ్మ ఆయన ముందు పెట్టి, దీనికి ఈశాన్యం ఎక్కడో చెప్పమన్నాం. ఆయన నా కాయ దగ్గరే వేలు పెట్టాడు. మా నాయన అప్పటికి ఒప్పుకున్నాడు గానీ, వారం దాకా నాతో సరిగ్గా మాట్లాడలేదు.

సంపు, సెప్టిక్ ట్యాంకు, మెట్లు, కరెంటు మీటరు, గేటు స్తంభాలు అన్నీ కొత్త గీతకి లోపలే పెట్టాను. కాంపౌండు గోడ కూడా. ముందు వదిలిన 25 అడుగుల్లో కట్టడమంటూ ఏదీ లేదు. రోడ్డు ఇంకా రాలేదు. ఎదురింటాయన ఇప్పటికీ "అంత స్థలం వదిలేసినావేంది" అని నవ్వుతాడు. బ్రహ్మోత్సవాల్లో తమిళనాడు నుంచి వచ్చే బస్సులవాళ్ళు అక్కడ నీడన వంట చేసుకుంటారు. మిగిలిన రోజుల్లో మా ఆవిడ కనకాంబరాలు వేసుకుంటుంది. గీత ఎక్కడుందో ఆమెకి తెలుసు. అక్కడి దాకా ఒక్క ఇటుక కూడా పెట్టనివ్వదు.